పేజీ అడుగున పేరు

1990ల చివరి నుంచి 2010 దాటేదాకా, సుమారు పదిహేనేళ్ళు, బ్రిటన్‌లోని చిన్న పట్టణాల్లో ఒక వృత్తి నిలదొక్కుకుని బతికింది. వెబ్‌సైటును మొదటి గీత నుంచి చివరి అక్షరం దాకా ఒక్క మనిషే చేసి ఇచ్చే వృత్తి అది. ఆ పని చేసేవాళ్ళలో చాలామందికి సొంత పేజీ ఒకటి ఉండేది. చేసిన పనుల జాబితా, ఉద్యోగం మానేసి సొంతంగా పని మొదలుపెట్టిన కబురు, కొత్తగా కుదిరిన ఖాతాదారు పేరు, వచ్చే నెలలో ఇంకో రెండు పనులు చేపట్టగలనన్న మాట, అన్నీ అందులోనే. వసంతం వచ్చేసరికి వాటి మధ్యనే మరో కబురు కనిపించేది: జూన్‌లో లండన్ నుంచి బ్రైటన్ దాకా సైకిలు తొక్కుతున్నాను, గుండెజబ్బుల పరిశోధనకు తోచినంత ఇవ్వండి అని. బతుకుతెరువు కబురూ దానం అడిగే కబురూ ఇలా ఒకదాని కింద ఒకటి ఉండటం ఇవాళ చూసేవాళ్ళకు అమాయకత్వంలా తోచవచ్చు. నాకు మాత్రం ఆ జీవనవిధానానికి ఆయువుపట్టు అక్కడే కనిపిస్తుంది. పనికైనా దానానికైనా మనిషి తన పేరు మీద పూచీ పడేవాడు, రెంటికీ ఒకే జనం ముందు జవాబుదారీగా నిలబడేవాడు. ఆ కాలంతో పాటు పోయినవాటిలో తిరిగి సంపాదించుకోవడం కష్టమైనది ఈ పూచీయే అని నా వాదన.

ముందు పని సంగతి చూద్దాం. ఊరి చివర గెస్ట్‌హౌస్ నడిపే దంపతులో, సైకిళ్ళు బాగుచేసే దుకాణదారో, పళ్ళ డాక్టరో అచ్చువేయించుకున్న కరపత్రం ఒకటి తెచ్చి ఇచ్చేవారు. ఫొటోలు కవర్లో పెట్టి ఇస్తే వాటిని స్కాన్ చేసుకోవాలి. డొమైన్ పేరు కొనడం, సర్వర్లో చోటు అద్దెకు తీసుకోవడం, ఫొటోషాప్‌లో పేజీ రూపం గీయడం, దాన్ని ముక్కలుగా కోసుకోవడం, హెచ్‌టీఎంఎల్ రాయడం, ఎఫ్‌టీపీతో సర్వర్‌కు ఎక్కించడం, అన్నీ ఒకే చేతి మీద నడిచేవి. పేజీలో దేన్నైనా కావలసిన చోట నిలబెట్టడానికి అప్పటికి సరైన సాధనం లేదు. అందుకని లెక్కల పట్టికల కోసం పుట్టిన టేబుల్ ట్యాగునే గోడలు కట్టడానికి వాడుకున్నారు. ఒక టేబుల్ గడిలో మరో టేబుల్, దాని గడిలో ఇంకొకటి. గడి ముడుచుకుపోకుండా అందులో ఒక పిక్సెల్ వెడల్పు, ఒక పిక్సెల్ ఎత్తు ఉన్న పారదర్శకమైన గిఫ్ బొమ్మ పెట్టి, కోడ్‌లో దాని వెడల్పు 150 అనో 200 అనో రాసి సాగదీసేవారు. కంటికి కనిపించని ఆ చుక్క మీదే పేజీ మొత్తం నిలబడేది. 1996లో డేవిడ్ సీగెల్ రాసిన పుస్తకం ఈ కిటుకును అందరికీ చేరవేసింది. ఇక 56కె మోడెం ఎంత బాగా పనిచేసినా సెకనుకు ఏడు కిలోబైట్లు మించి తేలేదు. అరవై కిలోబైట్ల పేజీ తెరుచుకోవాలంటే దగ్గర దగ్గర పది సెకన్లు. అందుకే ప్రతి బొమ్మ నాణ్యతనూ కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, ఎక్కడ మసకబారుతోందో కళ్ళతో చూసుకుంటూ, అక్కడికి ఒక్క మెట్టు ముందు ఆగేవారు. అంతా అయ్యాక అదే పేజీ నెట్‌స్కేప్‌లో ఒకలా, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఇంకోలా కనిపిస్తే మళ్ళీ మొదటికి రావాల్సిందే.

పని పూర్తయ్యాక పేజీ అట్టడుగున చిన్న అక్షరాలతో ఒక పంక్తి ఉండేది: ఈ సైటు తయారుచేసినది ఫలానా వారు అని. చొక్కా కాలర్ లోపల దర్జీ తన షాపు పేరు కుట్టిపెట్టినట్టు. ఆ పేరు నొక్కితే చేసిన మనిషి పేజీకి వెళ్ళేది, అక్కడ ఫోన్ నంబరు ఉండేది. సైటు పాడైతే ఆ నంబరుకే ఫోన్ వచ్చేది, సైటు నచ్చితే పక్క వీధి దుకాణదారు కూడా ఆ నంబరుకే చేసేవాడు. ప్రకటనలకు డబ్బు లేని ఆ మనుషులకు కొత్త పని ఎక్కువగా దొరికింది ఈ దారినే. పైపెచ్చు పనితనం దాచుకుందామన్నా దాగేది కాదు. బ్రౌజర్‌లో ‘వ్యూ సోర్స్’ నొక్కితే ఎవరి కోడ్ అయినా విప్పి చూడవచ్చు. ఆ తరం సగం విద్య అలాగే నేర్చుకుంది. జెఫ్రీ జెల్డ్‌మన్ ‘ఎ లిస్ట్ అపార్ట్’ వెబ్ పత్రికా, బ్రౌజర్ కంపెనీలన్నీ ఒకే ప్రమాణానికి కట్టుబడాలని పోరాడిన వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్టూ 1998లో వచ్చాయి. 2003లో డేవ్ షే ‘సీఎస్ఎస్ జెన్ గార్డెన్’ మొదలుపెట్టాడు. ఒకటే హెచ్‌టీఎంఎల్ పాఠం అందరికీ ఇచ్చి, పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్ మాత్రం మార్చి ఎవరి రూపం వాళ్ళను ఇమ్మన్నాడు. పాఠం ఒక్కటే కనుక తేడా అంతా చేతిలోనిదే. ప్రతి రూపం మీదా దాన్ని చేసినవారి పేరుంది. పేరు, పని, పని చేసిన తీరు ఇలా మూడూ ఒకేచోట బయటపడి ఉండటం చేతివృత్తుల్లో కూడా అరుదు.

ఇప్పుడు సైకిలు సంగతి. బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ వారి లండన్–బ్రైటన్ రైడ్ 1980 నుంచి ఆ సంస్థ పేరు మీద సాగుతోంది. దక్షిణ లండన్‌లోని క్లాపం కామన్ మైదానంలో బయల్దేరి, బ్రైటన్ సముద్రపు ఒడ్డున మదీరా డ్రైవ్‌లో ముగుస్తుంది. దూరం 54 మైళ్ళు, అంటే దాదాపు 87 కిలోమీటర్లు. సైకిలు పందేలు ఆడేవాళ్ళకు అదొక లెక్క కాదు. కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్ళకు మాత్రం, ముఖ్యంగా దారి చివర్లో వచ్చే డిచ్‌లింగ్ బీకన్ ఎక్కడం గట్టి పరీక్షే. మైలు పొడవున్న ఆ ఎత్తు కొన సముద్రమట్టానికి 248 మీటర్ల పైన ఉంటుంది. చాలామంది అక్కడ సైకిలు దిగి నడిపించుకుంటూ వెళతారు. అంతకన్నా పెద్ద సాహసం కోరుకునేవాళ్ళు దేశపు నైరుతి కొస లాండ్స్ ఎండ్ నుంచి ఈశాన్య కొస జాన్ ఓ గ్రోట్స్ దాకా, మామూలు రోడ్డు దారిలో 870 మైళ్ళకు పైగా, పది నుంచి పద్నాలుగు రోజుల్లో తొక్కేవారు.

నాకు ఈ రైడ్‌లలో దూరం కన్నా వాటి వెనక తిరిగిన కాగితమే ముఖ్యం అనిపిస్తుంది. దాన్ని స్పాన్సర్ ఫారం అనేవారు. అడ్డంగా గీతలు, నిలువుగా గడులు: ఇచ్చేవారి పేరు, ఇంటి చిరునామా, పోస్ట్‌కోడ్, మైలుకు ఇంత అనో మొత్తం మీద ఇంత అనో మాట ఇచ్చిన సొమ్ము, పన్ను రాయితీ కోసం ఒక టిక్కు, చివర డబ్బు ముట్టిన తేదీ. గిఫ్ట్ ఎయిడ్ అనే పథకం కింద, పన్ను కట్టే మనిషి ఒక పౌండు ఇస్తే ప్రభుత్వం ఇప్పటి లెక్కన మరో 25 పెన్నీలు ఆ సంస్థకు చేరుస్తుంది. దానికోసం దాత తన పూర్తి పేరు, ఇంటి చిరునామా అదే ఫారంలో నింపాలి. కాబట్టి ఆ కాగితం చేతికి వచ్చిన ప్రతివారూ పైవాళ్ళు ఎవరో, ఎంత రాశారో చూసి తమ గడి నింపేవారు. మొదటి గడిలో పది పౌండ్లు ఉంటే రెండో గడిలో రెండు పౌండ్లు రాయడానికి మొహమాటం. అన్నిటికన్నా పెద్ద విషయం, డబ్బు ముందు చేతులు మారేది కాదు. ముందు మాట, ఆ తర్వాత ప్రయాణం, అది పూర్తయ్యాకే వసూలు. తొక్కినవాళ్ళు అదే కాగితం పట్టుకుని మళ్ళీ అదే గుమ్మాలకు వెళ్ళి, పూర్తిచేశాను, మీరన్న సొమ్ము ఇవ్వండి అని అడగాలి. సగంలో ఆగిపోతే ఆ సంగతి కూడా వాళ్ళ నోటితోనే చెప్పాలి.

వెబ్ డిజైనర్ల సంగతికి ఇది ఎక్కడ అతుకుతుందంటే, ఒంటరిగా పనిచేసే డిజైనర్‌కు స్పాన్సర్ ఫారం మీద పేర్లు రాసేవాళ్ళూ ఖాతాదారులూ పెద్దగా వేరు కాదు. గెస్ట్‌హౌస్ దంపతులు, సైకిలు షాపు యజమాని, పళ్ళ డాక్టరు, వీళ్ళే ఆ కాగితం మీదా ఉండేవారు. సైటు చెప్పిన రోజుకు ఎక్కించలేని మనిషి దానం అడగడానికి వెళితే ఏం వినాల్సి వస్తుందో ఊహించవచ్చు. మొదలుపెట్టిన రైడ్ పూర్తిచేసిన మనిషి పని కూడా పూర్తిచేస్తాడన్న నమ్మకమూ అలాగే కుదిరేది. ఒక నమ్మకం ఇంకో నమ్మకానికి హామీ. బ్రైటన్ దీనికి అన్నివిధాలా తగిన ఊరు. ఆ చివర నుంచి వేలాదిమంది సైకిళ్ళ మీద వచ్చి దిగే ఊరే, ఈ చివర వెబ్ తయారీకి పేరుపడింది. క్లియర్‌లెఫ్ట్ అనే డిజైన్ సంస్థ 2005లో అక్కడే పుట్టింది, అదే ఏడు డీకన్‌స్ట్రక్ట్ అనే వెబ్ సదస్సూ అక్కడే మొదలైంది. కబుర్ల పేజీలో పని వార్తా రైడ్ వార్తా ఇరుగుపొరుగుగా ఉండటం ఏదో యాదృచ్ఛికమని నేను అనుకోలేకపోవడానికి ఇదే కారణం. చదివేవాళ్ళు ఒక్కరే అయినప్పుడు పేజీలు రెండెందుకు?

ఆ జీవనవిధానం ఎలా కరిగిపోయిందో త్వరగానే చెప్పుకోవచ్చు. 2003లో వర్డ్‌ప్రెస్, ఆ తర్వాత స్క్వేర్‌స్పేస్, విక్స్ వచ్చి, దుకాణదారు తన సైటు తానే కట్టుకునే వీలు కల్పించాయి. 2010 ఏప్రిల్‌లో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్, కదిలే బొమ్మల పేజీలకు వాడే ఫ్లాష్‌ను ఐఫోన్‌లోకి రానివ్వనని బహిరంగంగా రాశాడు. మే నెలలో ఈథన్ మార్కాట్, తెర వెడల్పును బట్టి తనంతట తాను సర్దుకునే రెస్పాన్సివ్ డిజైన్‌ను ప్రతిపాదించాడు. ఒక పేజీ అంటే ఇక ఒక రూపం కాదు, పది తెరలకు పది రూపాలు. 2011లో ట్విట్టర్ నుంచి బూట్‌స్ట్రాప్, 2013లో ఫేస్‌బుక్ నుంచి రియాక్ట్ అనే ముందే కట్టిపెట్టిన కోడ్ సరంజామాలు వచ్చాక ఒక్కరి చేతిలోని పని ఐదారుగురికి పంచారు: వాడేవాళ్ళ తీరు పరిశీలించేవారు ఒకరు, తెరలు గీసేవారు ఒకరు, కోడ్ రాసేవారు ఒకరు, సర్వర్ చూసేవారు ఒకరు, మాటలు రాసేవారు ఇంకొకరు. ఆ ఒక్క మనిషికి ఉన్న వెబ్‌మాస్టర్ అనే పిలుపు ఎంత అరుదైపోయిందంటే, గూగుల్ తన వెబ్‌మాస్టర్ టూల్స్ పేరును 2015లో మార్చింది, 2020లో వెబ్‌మాస్టర్ సెంట్రల్ పేరునూ మార్చింది. ఉద్యోగం మారిన కబురు ఇప్పుడు లింక్డ్‌ఇన్‌కు వెళుతుంది. దానం అడిగే కబురు జస్ట్‌గివింగ్‌కు వెళుతుంది. 2001లో లండన్‌లో మొదలైన ఆ సంస్థను 2017లో బ్లాక్‌బాడ్ అనే అమెరికన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనుక్కుంది. కాగితం మీద మాట ఇచ్చి తర్వాత డబ్బు ఇచ్చే పద్ధతి చాలావరకు పోయి, కార్డుతో ముందే ఇచ్చేసే పద్ధతి వచ్చింది.

నా వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. డబ్బు మాటేమిటి? కాగితం మీద రాసిన సొమ్ములో కొంత ఎప్పటికీ వసూలయ్యేది కాదు. పోస్ట్‌కోడ్ వదిలేసిన ఒక్క గడి వల్ల గిఫ్ట్ ఎయిడ్ పోయేది. ఆన్‌లైన్‌లో ఆ రెండు నష్టాలూ లేవు, ఊరికి దూరంగా ఉన్న అన్నదమ్ములూ పాత స్నేహితులూ కూడా ఇవ్వగలరు. గుండెజబ్బు పరిశోధనకు కావలసింది డబ్బే తప్ప దాత మొహమాటం కాదు అంటే నేను కాదనను. పైవాళ్ళ పేర్లు, మొత్తాలు తెర మీదా కనిపిస్తాయి, ముందు ఎక్కువ ఇచ్చినవాళ్ళుంటే తర్వాతివాళ్ళూ పెంచి ఇస్తారని ఆ పేజీల మీదే పరిశోధన చేసిన ఆర్థికశాస్త్రవేత్తలు తేల్చారు. కాబట్టి సాక్ష్యం ముందు నేను నా వాదనను కొంత కుదించుకోవాలి. జాబితా బతికే ఉంది. అయితే ప్రయాణం తర్వాత జరిగే వసూలు పోయింది, దాంతో పాటు ఫలితం చెప్పుకోవాల్సిన రెండో కలయిక పోయింది. ఇప్పుడు దాత బయల్దేరడానికి ముందే ఇచ్చేస్తాడు, పూర్తయిందో లేదో తెలుసుకోవాల్సిన పని అతనికి ఉండదు. పెద్ద రైడ్‌లలో ఇది తప్పదంటారా, అమెరికాలో మసాచుసెట్స్‌లో జరిగే పాన్-మాస్ ఛాలెంజ్ వేరే దారి చూపించింది. 1980లో 36 మందితో మొదలై డానా-ఫార్బర్ క్యాన్సర్ ఆసుపత్రికి ఇప్పటికి వంద కోట్ల డాలర్లకు పైగా చేర్చిన ఆ రైడ్‌లో, ప్రతి ఒక్కరూ ఇంత సేకరిస్తానని ముందే ఒప్పుకోవాలి. తగ్గితే ఆ తేడా సొంత జేబులోంచి కట్టాలి. అంత పెద్ద ఎత్తున కూడా పూచీ నిలబడగలదన్నమాట. కాకపోతే అక్కడ పూచీ కాగితం మీద ఇరుగుపొరుగుతో కాదు, క్రెడిట్ కార్డుతో.

రెండో అభ్యంతరం నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. టేబుళ్ళతో కట్టిన ఆ పేజీలు చూపులేనివాళ్ళకు నరకం. తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒక గడి తర్వాత ఒక గడి చదువుకుంటూ పోతే, మెనూలోని మాటా వార్తలోని మాటా కలిసిపోయేవి. బొమ్మలో ఇమిడ్చిన అక్షరాలైతే అసలు వినపడేవే కావు. ఇది తెలియక జరిగిందనీ అనలేం, వికలాంగులకు వీలైన పేజీలు ఎలా కట్టాలో చెప్పే మార్గదర్శకాలు 1999 మేలోనే వెలువడ్డాయి. సొంత పేరు మీద పూచీ పడ్డామన్నవాళ్ళు ఈ పూచీ ఎందుకు పడలేదు? సమాధానం కొంతవరకే ఉంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ సైటు తనలాంటివాళ్ళకు అక్కరకు రావడం లేదని బ్రూస్ మగ్వైర్ అనే అంధుడు ఫిర్యాదు చేసి గెలిచాడు, నిర్వాహకులకు 20,000 ఆస్ట్రేలియన్ డాలర్ల పరిహారం పడింది. ఆ సైటు ఒంటరి డిజైనర్ చేసింది కాదు, పెద్ద సంస్థ చేతిలోది. లోపం ఒంటరి పనిది కాదనడానికి ఈ కేసు సరిపోతుంది. ఒంటరి పని తనంతట తాను దయగా ఉండేదని మాత్రం ఇది నిరూపించదు. ప్రమాణాల కోసం పోట్లాడి, టేబుళ్ళు తీసేసి, బొమ్మలకు మాటలు జతచేసిన ఉద్యమాన్ని నడిపినవాళ్ళలో కూడా పేరు పెట్టి పనిచేసే ఆ మనుషులు చాలామంది ఉన్నారన్నది మాత్రం చరిత్రలో ఉన్న నిజం. ఎవరి కోడ్ అయినా ఎవరైనా విప్పి చూడగలిగిన కాలం కనుకే లోపం బయటపడుతుందన్న సిగ్గు పనిచేసింది.

మూడో అభ్యంతరం తెలుగు పాఠకుల నుంచి రావాలి, రావడం న్యాయం కూడా. ఆ ఒంటరి వృత్తి ముక్కలైనప్పుడు ఆ ముక్కల్లో కొన్ని మన దగ్గరికే వచ్చాయి. ఫొటోషాప్ ఫైలు పంపితే రాత్రికి రాత్రి హెచ్‌టీఎంఎల్‌గా మార్చి పంపే పని మీద హైదరాబాద్‌లో ఎన్నో చిన్న ఆఫీసులు నడిచాయి. అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల మల్టీమీడియా కోర్సులు చదివి, ఫ్లాష్, డ్రీమ్‌వీవర్ నేర్చుకుని జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఇళ్ళు నిలబెట్టుకున్నారు. బ్రిటన్‌లోని మనిషి పోగొట్టుకున్నదాన్ని తలచుకుని మనం ఎందుకు బాధపడాలి? ఆ బతుకుతెరువు విలువ నేను తక్కువ చేయను. కానీ ఆ రాత్రులు కోడ్ రాసినవాళ్ళ పేరు ఏ పేజీ అడుగునా లేదు. ఆ సైటు ఏ దుకాణానిదో, ఆ దుకాణం తర్వాత బాగుపడిందో లేదో తెలుసుకునే వీలు కూడా వాళ్ళకు లేదు. పని ఇటు వచ్చింది, జీతం వచ్చింది, పూచీ పడే హక్కు మాత్రం రాలేదు. ఆ హక్కు ఎలా ఉంటుందో మనవాళ్ళకు తెలియనిది కాదు. అమెరికాలోని తెలుగువాళ్ళు 1998లో ‘ఈమాట’ వెబ్ పత్రిక మొదలుపెట్టినప్పుడు తెర మీద తెలుగు అక్షరం కనబడటమే పెద్ద గండం. యూనికోడ్ స్థిరపడేదాకా ఒక్కో తెలుగు పత్రికకు ఒక్కో ఫాంటు, దాన్ని దించుకుని కంప్యూటర్‌లో ఎలా పెట్టుకోవాలో చెప్పే పేజీ ఒక్కో సైటులో. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక ఆ బెడద తగ్గుముఖం పట్టింది. అంతకుముందు అక్షరాలు గజిబిజిగా కనిపిస్తున్నాయని రాసిన ప్రతి పాఠకుడికీ సైటు చేసినవాళ్ళే ఓపిగ్గా జవాబు ఇచ్చుకునేవారు.

అదంతా పోలేదు, సొంత పేజీలు నడిపేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు అనేవాళ్ళకు నేను జెరెమీ కీత్ పేరు చెబుతాను. క్లియర్‌లెఫ్ట్ స్థాపకుల్లో ఒకడైన ఆయన బ్రైటన్ నుంచి 2001 నుంచి తన పేజీలో రాస్తూనే ఉన్నాడు. 2011లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో మొదలైన ఇండీవెబ్ సమావేశాలు ఇలాంటివాళ్ళను కలుపుతున్నాయి. వాళ్ళ పట్టుదల అంటే నాకు గౌరవం. అయితే కొందరు నిష్ఠతో కాపాడుకునేది వేరు, ఊళ్ళో పనిచేసే మామూలు మనిషికి అదే బతుకుదారిగా ఉండటం వేరు. గెస్ట్‌హౌస్ సైటు చేసే మనిషి ఇండీవెబ్ సమావేశానికి వెళ్ళేవాడు కాడు. అతని పేజీ ఇంటర్నెట్ కంపెనీ ఉచితంగా ఇచ్చిన కొద్దిపాటి చోటులోనో, జియోసిటీస్ లాంటి చోటనో మొదలై, తర్వాత సొంత డొమైన్‌కు మారింది. జియోసిటీస్‌ను 2009 అక్టోబరులో మూసేశారు. దేశంలోని వెబ్‌సైట్లన్నిటినీ సేకరించే చట్టబద్ధమైన అధికారం బ్రిటిష్ లైబ్రరీకి 2013 ఏప్రిల్‌లోగాని రాలేదు, అప్పటికే ఆ పేజీల్లో చాలా భాగం మాయమయ్యాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996 నుంచి దాచినవాటిలో కొన్ని దొరుకుతాయి, చాలాచోట్ల బొమ్మలు ఊడిపోయి, టేబుళ్ళ చట్రాలు మాత్రమే మిగిలి. స్పాన్సర్ ఫారాల సంగతి ఇంకా దారుణం. గిఫ్ట్ ఎయిడ్ లెక్కల కోసం వాటిని దాచాల్సింది ఆరేళ్ళే, ఆ తర్వాత వాటిని ఉంచుకోవాలని సంస్థలను కట్టడి చేసేదేమీ లేదు. ఆ వృత్తి చేసినవాళ్ళలో చాలామంది ఇప్పుడు యాభై, అరవై ఏళ్ళ వయసులో ఉన్నారు. స్థానిక చరిత్ర రాసేవాళ్ళు నేతగాళ్ళనూ కుమ్మరులనూ అడిగినట్టే వీళ్ళనూ కూర్చోబెట్టి అడగాలి. మొదటి పని ఎవరి దగ్గర దొరికింది, ఎంత తీసుకున్నారు, రాత్రి పదింటికి సైటు ఆగిపోతే ఎవరు ఫోన్ చేశారు అని. రైడ్ ముగిశాక ఆ కాగితం పట్టుకుని డబ్బు వసూలుకు తిరిగిన సాయంత్రాల గురించి కూడా అడగాలి. ఆ గుమ్మాల దగ్గర మాటల్లో మాటగా ఎన్ని కొత్త సైట్లకు బేరం కుదిరిందో ఏ ఆర్కైవ్‌లోనూ లేదు, వాళ్ళే చెప్పాలి.